లేని పిల్ల

పళ్ల గది,
ఇంటి కింద

నీకు,

ఇక్కడ క్షేమం. అక్కడ క్షేమమా అని అడగడానికి భయంగా ఉంది. క్షేమంగా ఉండడానికి అసలు ఎవరూ లేరని జవాబు వస్తుందేమో.

చూశావా, మొదలుపెట్టగానే వెటకారం. మానుకుందామనే కూర్చున్నాను. ఫోన్లు గేటు దగ్గరే తీసి దాచేస్తారని, ఉత్తరాలైతే లోపలికి ఇస్తారని మీ గేటాయన చెప్పాక ఇదిగో, కాగితం పట్టుకున్నాను. డాక్టర్లకి పంపే డబ్బాల మీద 'పైవరస', 'కిందివరస' అని తప్ప చేత్తో ఇంకేదైనా రాసి ఎన్నేళ్లయిందో. అక్షరాలు పంటిగాట్లలా ఉన్నాయి. సర్దుకుని చదువు.

పనికి లోటు లేదు. మనుషులున్నంతకాలం పళ్లూడతాయి, పళ్లూడినంతకాలం నా కట్టుడు పళ్లు కావాలి. మొన్న ఒక పెద్దావిడ డాక్టరు తీసిన అచ్చుని తనే చేతిలో పట్టుకుని వచ్చింది. "నాయనా, మరీ తెల్లగా మెరిసిపోయేట్టు చెయ్యకు. ముందుపన్ను కాస్త వంకర పెట్టు, నా సొంత పన్ను అలాగే ఉండేది. మా ఆయనకి మతిమరుపు. నా మొహంలో ఆ వంకర పన్నొక్కటే ఆయనకి గుర్తు" అంది. అబద్ధపు పన్నుకి నిజం వంకర పెట్టి పంపాను. నీకు చెప్పాలనిపించింది. ఇలాంటివి నీకు చెప్పడమే కదా అలవాటు, ప్లాస్టర్ పొడి చేతులతో వంటింట్లోకి వచ్చేసి, నీ చేత తిట్లు తింటూ.

పిచ్చుక సంగతి. బడికి వెళ్తోంది, వస్తోంది. పెద్దగా మాట్లాడదు. తమ్ముడూ తనూ ఒకే మంచం మీద పడుకునేవాళ్లు కదా, వాడు పోయి ఇన్నాళ్లయినా గోడవైపు సగం వదిలేసి అంచున పడుకుంటుంది. మొన్న దొర్లి కింద పడింది. లేపబోతే, "చిన్నోడికి చోటు చాలదని జరిగాను నాన్నా" అని, వెంటనే నాలిక కరుచుకుంది. చెయ్యి పట్టుకుని లేపాను, అంతే.

నువ్వు వెళ్తూ "కొన్నాళ్లు" అన్నావు. వానలు వచ్చి వెళ్లిపోయాయి. నీ లెక్కలో కొన్నాళ్లంటే ఎంతో ఒక ముక్క రాయి. పిల్లకి చెప్పాలి.

నీ పళ్లాయన

*

కొండ మీది ఇల్లు,
ఉత్తరపు గది

ఏమండీ,

మీ పంటిగాట్లు అందాయి. చదివి నవ్వాను. నవ్వి చాలా రోజులైంది.

మీ వెటకారం చూస్తే ఇక్కడి డాక్టరమ్మని అపార్థం చేసుకుంటున్నట్టుంది. ఆవిడ ఎవరికీ దీక్షలివ్వదు, కాళ్లకి దండం పెట్టనివ్వదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆసుపత్రిలో మత్తు డాక్టరు. ఇప్పుడు ఈ ఇంట్లో ఉంటుంది, వచ్చినవాళ్లతో పొద్దున్నా సాయంత్రం ధ్యానంలో కూర్చుంటుంది. మేం వంతులవారీగా ఊడుస్తాం, వండుతాం, మిగతా వేళల్లో మౌనంగా ఉంటాం.

నేను వచ్చిన కొత్తలో ఏదడిగినా చిన్నోడి సంగతే చెప్పేదాన్ని. ఆ మంచం, ఆ సూదులు, చిగుళ్ల నుంచి రక్తం, వాడి అరుపులు. ఒక మధ్యాహ్నం ఆవిడ చేస్తున్న పని ఆపి అడిగింది: "అమ్మా, నేను మత్తిచ్చాక మనిషిని కోస్తారు. కత్తి దిగుతూనే ఉంటుంది, రక్తం కారుతూనే ఉంటుంది. శరీరం అక్కడే ఉంది. మరి నొప్పి ఏదీ?"

"తెలియదండీ" అన్నాను.

"నొప్పి శరీరానిదైతే అప్పుడూ ఉండాలి. లేదు. అంటే అది శరీరానిది కాదు. నొప్పిని చూసేవాడు ఒకడున్నాడు, వాడికి నొప్పి అంటదు. సినిమాలో నిప్పంటుకుంటే తెర కాలదు చూడు, అలాగ. నీ కొడుకు ఆ తెర. కాలింది బొమ్మ."

ఆ మధ్యాహ్నం ఉన్నచోటే పడి నిద్రపోయాను. ఆసుపత్రి తర్వాత కలలు లేని నిద్ర అదే మొదలు.

మీకు ఇది మాటల గారడీలా ఉంటుంది. నాకు ఊపిరి. వాడు ఆ మంచం మీద పడిన బాధ నిజమైతే నేను బతికుండడం కుదరదండీ. రెండిట్లో ఒకటే కుదురుతుంది. ఈ గోడలు, ఈ చేతులు, ఆ ఆసుపత్రి అన్నీ ఒక పొడుగాటి కల అనుకుంటే ఒక పూట గడుస్తుంది. ఇప్పుడు అనుకోవడం దాటి, అలాగే కనిపించడం మొదలైంది.

కొన్నాళ్లంటే ఎన్నాళ్లో నాకు తెలియదు. పిల్లకి అబద్ధం చెప్పకండి.

మీ

*

పళ్ల గది

నీకు,

పిల్లకి అబద్ధం చెప్పొద్దన్నావు. సంతోషం.

నీ డాక్టరమ్మని ఒక్క మాట అడుగు. నొప్పి లేకపోతే మత్తెందుకు ఇచ్చినట్టు ఆవిడ, అన్నేళ్లు? కల కోసం ఎవరైనా మందు తయారుచేస్తారా?

ఇంకో సంగతి ఆలోచించాను, పళ్లు అరగదీస్తూ. వాడి నొప్పి అబద్ధమంటే నీకు హాయిగా ఉంది, ఒప్పుకున్నాను. కానీ ఒకదాన్ని చెరిపి రెండోదాన్ని ఉంచుకోలేవు. సూదికి ఏడ్చిన నోరే కదా నీ మెడ దగ్గర ముద్దు పెట్టింది. బొమ్మ కాలిందంటే ముద్దు పెట్టింది కూడా ఆ బొమ్మే. నువ్వు బాధని పారేస్తూ పిల్లాణ్ణి కూడా పారేశావు. వాడి పాలపళ్ల అచ్చు, సరదాకి తీసింది, నా బల్ల మీదే ఉంది. చేత్తో పట్టుకుంటే గుచ్చుకుంటుంది. నాకు అది చాలు. తెరతో నాకేం పని?

సరే, అసలు విషయం. నిన్న పొద్దున్న పిచ్చుక స్నానాల గదిలోంచి ఎంతకీ రాలేదు. తలుపు కొట్టాను. "నాన్నా, లోపలికి రాకు. నాకూ చిన్నోడి జబ్బే వచ్చింది" అంది. రక్తం చూసిందట. అప్పుడు నాకు వెలిగింది.

"అది జబ్బు కాదే, పెద్దదానివయ్యావు" అని తలుపు ఇవతలి నుంచి చెప్పాను. క్లాసులో చెప్పారట, తెలుసట, అయినా చూడగానే తమ్ముడే కళ్ల ముందుకొచ్చాడట. నేను కొట్టుకి పరిగెత్తాను. ప్యాడ్ల అర ముందు నిలబడ్డాను, పొడుగువి, పొట్టివి, రెక్కలున్నవి, లేనివి. పళ్లలో ఎన్ని రకాలో నిద్రలో లేపినా చెబుతాను, ఇక్కడ వెర్రిమొహం వేసుకుని నిలబడ్డాను. కొట్టామె జాలిపడి తనే తీసిచ్చింది. పక్కింటి నర్సుని పిలిచి లోపలికి పంపాను. నేను మెట్ల మీద కూర్చున్నాను.

సాయంత్రం పిల్ల అడిగింది, "అమ్మకి రాస్తావా?" అని. రాస్తానన్నాను. "ఏమంటుందో చెప్పు" అంది. నీ జవాబు కోసం చూస్తోంది, నీకు అర్థమవుతోందా? నాకోసం కాదు. రెండు ముక్కలు దానికి రాయి.

పళ్లాయన

*

కొండ మీది ఇల్లు

పిచ్చుక నాన్నగారికి,

ఉత్తరం అందింది.

ఆ అమ్మాయి శరీరం తన పని తాను మొదలుపెట్టింది. అందులో సంబరపడడానికీ కంగారుపడడానికీ ఏమీ లేదు. నొప్పిగా ఉంటే వేడినీళ్ల సీసా పొత్తికడుపు మీద పెట్టుకోమనండి. ముదురు రంగు బట్టలు వేసుకోమనండి. మిగతావి నర్సు చెబుతుంది.

'ఆ అమ్మాయి' అన్నానని మీకు కోపం వస్తుంది. ఇప్పుడు నా సాధన అదే, 'నా' అనే మాటని వదలడం. మొదట నా చెప్పులు, నా దుప్పటి. తర్వాత నా చెయ్యి, నా ఆకలి. చివరికి మనుషులు. డాక్టరమ్మ ఇలా చెయ్యమని చెప్పలేదు. మెల్లగా వెళ్లమంటుంది ఆవిడ. నాకు మెల్లగా వెళ్లే ఓపిక లేదు.

మీరు నొప్పి లేకపోతే మత్తెందుకు అన్నారు. అడిగాను. "బాగా అడిగాడమ్మా మీ ఆయన. దానికి నా దగ్గర జవాబు లేదు" అని నవ్వింది. ఆవిడ అలా ఎలా నవ్వగలదో నాకు అర్థం కాలేదు. నేనేమో నా ప్రాణాన్ని ఆ ఒక్క మాట మీద నిలబెట్టుకుని ఉంటే.

మీ ఉత్తరం వచ్చిన రోజు నేను కూర్చోలేకపోయాను. మర్నాడూ అంతే. వేడినీళ్ల సీసా పెట్టుకోమని రాస్తే మూత సరిగ్గా బిగిస్తుందో లేదో, కాలుతుందేమో, ఇదే ఆలోచన. ఒక సీసా మూత కోసం ఇన్నాళ్లు కట్టుకున్నదంతా కూలింది. కాబట్టి ఇకమీద దాని గురించి, క్షమించండి, ఆ అమ్మాయి గురించి వివరాలు రాయకండి. నేను ఆమెకి విడిగా రాయను. రాస్తే ఇద్దరికీ ముడి బిగుస్తుంది.

*

పళ్ల గది

నీకు,

నువ్వు ఎదురుగా ఉంటే చెయ్యి చేసుకునేవాణ్ణేమో. ఎన్నడూ చేసుకోలేదు. అందనంత దూరంలో ఉన్నావు కాబట్టి రాస్తున్నాను, తగిలేలాగే రాస్తాను.

పిల్ల నీ ఉత్తరం అడిగింది. చూపించలేదు. "అమ్మ చాలా సంతోషపడింది, వేడినీళ్ల సీసా పెట్టుకోమంది, మూత గట్టిగా బిగించమంది" అన్నాను. "అంతేనా?" అంది. "ముద్దులు పంపింది" అన్నాను. అబద్ధం చెప్పొద్దన్నావు కదా, నీ మొహం చూసి చెప్పాను ఆ అబద్ధం.

ఇప్పుడు నిజం విను. చిన్నోడి వెన్నులో సూది గుచ్చిన రోజు నీకు గుర్తుందో లేదో. గుర్తుంచుకోవడానికి నువ్వే లేవు అంటావేమో, అయినా విను. వాడు బోర్లా పడుకుని ఉన్నాడు. డాక్టరుతో ఏమన్నాడో తెలుసా? "మా అమ్మని బయటికి పంపండి. తను చూడలేదు" అన్నాడు. ఆరేళ్లవాడు. వాడి నొప్పి గురించి కాదు, నీ గురించి అన్నాడు. నువ్వు బయటికి వెళ్లావు. నేను వాడి భుజాలు నొక్కి పట్టుకున్నాను. సూది దిగినప్పుడు నా బొటనవేళ్ల కింద వాడి కండరం ఎలా బిగుసుకుందో నాకు తెలుసు. నీకు తెలియదు. తలుపు అవతల బెంచీ మీద కూర్చుని నువ్వు విన్నది అరుపు మాత్రమే.

వాడి నొప్పి లేదని చెప్పే హక్కు ఎవరికైనా ఉంటే, లోపల నిలబడ్డవాళ్లకి ఉండాలి. నువ్వు ఆ రోజు బయటికి వెళ్లినదానివి. ఇంకా లోపలికి రాలేదు. కొండ ఎక్కి కూర్చుని, బయట ఉండడానికి ఒక గొప్ప పేరు పెట్టుకున్నావు, అంతే.

జవాబు రాయకపోయినా ఫరవాలేదు.

*

పళ్ల గది

నీకు,

పిచ్చుక పోయింది.

బడి నుంచి వస్తుంటే లారీ గుద్దింది. ఎక్కువసేపు బాధపడలేదన్నారు. అన్నీ అయిపోయాయి. నిన్ను పిలవలేదు. ముడి బిగుస్తుందని.

*

కొండ మీది ఇల్లు

అయ్యా,

మీ ఉత్తరం పొద్దున్న కూర్చునే వేళకి ముందే అందింది. చదివి, మడిచి, వెళ్లి నా చోట్లో కూర్చున్నాను.

మీరు తెలుసుకోవాలనుకుంటారు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నాకు ఏమీ అనిపించలేదు. లోపల వెతికాను. కన్నీళ్లు వస్తాయేమో అని ఆగాను. రాలేదు. పిచ్చుక అన్న పేరుతో కొన్నాళ్లు కనిపించిన బొమ్మ ఇప్పుడు కనిపించదు, అంతే. మబ్బు ఒక ఆకారంలో ఉండి విడిపోతే మబ్బు చచ్చిపోయిందని ఏడవం కదా. ఎప్పుడూ పుట్టనిదానికి పోవడమేమిటి?

సాయంత్రం అందరూ ఉండగా డాక్టరమ్మకి చెప్పాను, మామూలు గొంతుతో. ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, కుర్చీలోంచి జారినట్టుగా నేల మీదికి దిగి, నన్ను పట్టుకుని భోరున ఏడ్చింది. అందరూ చూస్తున్నారు. నాకే సిగ్గేసింది. "అంతా కల అని మీరే చెప్పారు కదా" అన్నాను. "కలలో పిల్ల పోతే కలలోనే ఏడవాలి తల్లీ. నిద్ర లేచినవాళ్లకి ఏడుపు అక్కర్లేదేమో, మనం ఇంకా లేవలేదు" అంది.

ఆవిడ లేవలేదేమో. ఆవిడ చెప్పిన దారిలో ఆవిడకంటే ముందుకు వెళ్లినట్టున్నాను. గర్వంతో అనడం లేదు. ఇన్నాళ్లు ఆవిడ మాటలకి నేను వేలాడాను, ఇప్పుడు ఆ ఆసరా కూడా అక్కర్లేదు.

ఒక్క ముడి మిగిలి ఉండేది. అదీ తెగింది. తేలిగ్గా ఉంది. నిజం చెప్పాలంటే, ఇకమీద మీ ఉత్తరాలకి భయపడనక్కర్లేదు, అందులో ఆమె ఉండదు కాబట్టి.

మీరు బాధలో ఉంటారు. ఆ బాధ ఎవరికి కలుగుతోందో గమనించండి.

*

పళ్ల గది

నీకు,

పిచ్చుక బతికే ఉంది.

లారీ లేదు, ఏమీ లేదు. నేను కల్పించి రాశాను. నీలో ఇంకా ఏదైనా మిగిలి ఉందేమో చూద్దామని రాశాను. పరుగెత్తుకు వస్తావని అనుకున్నాను. గుమ్మంలో పిల్లని చూసి దాన్ని గట్టిగా పట్టుకుని నా చెంప పగలగొడతావని, ఆ తర్వాత అంతా మామూలైపోతుందని. ఆ చెంపదెబ్బ కోసం రోజూ వీధి చివరివైపు చూశాను. నీ బదులు నీ కవరు వచ్చింది.

అది నా చేతికి రాలేదు. ఆ పూట పిచ్చుకకి బడి లేదు, గేటు దగ్గరే నిలబడి ఉంది. పోస్టుమాన్ దానికే ఇచ్చాడు. నీ చేతిరాత చూసి తనకే అనుకుంది. ముద్దులు పంపావని నేనే చెప్పాను కదా.

నేను మిషన్ మీద ఒక పళ్ల వరసకి మెరుగు పెడుతున్నాను. వచ్చి బల్ల అవతల నిలబడింది. మిషన్ ఆపమని చేత్తో చూపించింది. ఆపాను.

"నాన్నా, నేనెప్పుడు చచ్చిపోయాను?" అంది.

దాని చేతిలో నీ కాగితం చూశాను.

"నువ్వు చెప్పావా అమ్మకి?"

"అవునమ్మా. అది ఎందుకంటే..."

"ఎలా చచ్చిపోయాను?"

"లారీ" అన్నాను. అడిగినదానికి జవాబు చెప్పడం తప్ప ఇంకేం తోచలేదు నాకు.

"అమ్మకి తేలిగ్గా ఉందట" అంది. కాగితాన్ని ఎలా ఉందో అలాగే మడిచి బల్ల మీద పెట్టి, మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది. ఏడుస్తుందేమో అని వెనకాలే వెళ్లాను. ఏడవలేదు. మంచం మీద మధ్యకి జరిగి పడుకుంది. గోడవైపు చోటు వదల్లేదు.

అప్పటి నుంచి నాతో మాట్లాడడం లేదు. కావలసినవి చీటీ రాసి బల్ల మీద పెడుతుంది. 'కొత్త చెప్పులు'. 'సంతకం'. నిన్ను దెబ్బ కొట్టాలని రాయి విసిరాను. నువ్వు పక్కకి తప్పుకున్నావు. నీ వెనకాల ఎవరున్నారో చూసుకోలేదు నేను.

ఇప్పుడు చెప్పు. ఇది కూడా కలేనా? ఎవరి కల? నువ్వు కంటున్నదా, నేను కంటున్నదా? పిల్ల మాత్రం మేలుకునే ఉంది.

*

కొండ మీది ఇల్లు

ఏమండీ,

రెండు ఉత్తరాలు రాసి చించేశాను. ఇది మూడోది. ఇది చించను.

పిల్ల బతికే ఉందని చదవగానే నాకు కలిగింది సంతోషం కాదు. అలసట. మళ్లీ మొదటి నుంచి భయపడాలా అనిపించింది. మళ్లీ రోడ్లు, జ్వరాలు, లారీలు, వేడినీళ్లు. తల్లికి కలగాల్సింది ఇదేనా? దీన్ని మీకు కాక ఎవరికి చెప్పను. చెప్పి మిమ్మల్ని కూడా కొట్టినట్టే అవుతుంది. అయినా ఇద్దరం ఇక దాచుకునేది ఏముంది.

ఆ ఉత్తరంలో నేను రాసింది అబద్ధం కాదు. నిజంగానే ఏమీ అనిపించలేదు. నేను దాన్ని మోక్షం అనుకున్నాను. ఆ తర్వాతి రోజుల్లో అన్నం రుచి తెలియలేదు, చలి తెలియలేదు. కూరగాయలు తరుగుతుంటే వేలు తెగింది. పక్కనున్నామె అరిస్తే తప్ప చూడలేదు. అందరూ నన్ను గౌరవంగా చూడడం మొదలుపెట్టారు. డాక్టరమ్మ మాత్రం నా వేలికి కట్టు కడుతూ నా కళ్లలోకి టార్చి వేసి చూసింది, ఆసుపత్రిలో చూస్తారే, అలాగ.

మీ ఉత్తరం ఆవిడకి చదివి వినిపించాను. "ఈ ప్రపంచం కల అని నేను ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ మాటని నీకు చెప్పకుండా ఉండాల్సింది" అంది. "మత్తివ్వడం సగం పనే అమ్మా. లేపడం మిగతా సగం. ఆపరేషన్ గదిలో ఒక్కరిని కూడా లేపకుండా వదల్లేదు నేను. నిన్ను వదిలేశాను. వెళ్లు. ఇంటికి వెళ్లు."

నేను ఆవిడ మీద అరిచాను. నా కొడుకు బాధ నాకు తిరిగి ఇచ్చేసి పొమ్మంటున్నారా అన్నాను. "అవును, అది నీదే" అంది.

మీరన్నది నిజం. ఆ రోజు గది బయట బెంచీ మీద నేను చెవులు మూసుకున్నాను. అరుపు కూడా వినలేదు. వాడు ఏమన్నాడో మీ ఉత్తరంలో చదివేదాకా తెలియదు. 'తను చూడలేదు' అన్నాడా? అది నాకు ఎందుకు రాశారు? ఎందుకు ఇన్నాళ్లు రాయలేదు?

మిమ్మల్ని క్షమించడం గురించి ఇప్పుడు ఆలోచించలేను. నన్ను మీరు క్షమించడం గురించీ అడగను. నేను వస్తున్నాను. ఆదివారం పొద్దున్న బస్సుకి. పిల్లకి చెప్పండి. దగ్గరికి రాకపోయినా ఫరవాలేదు, ఒక్కసారి చూస్తాను. నిజంగా ఉందో లేదో చూసుకోవాలి. మాట తప్పుగా వచ్చింది. దాన్ని చూడాలి.

మీ

*

ఇల్లు,
పై గది

అమ్మకి,

నువ్వు తిరిగి డాక్టరమ్మగారి ఇంటికే వెళ్లి ఉంటావని అక్కడికి రాస్తున్నాను.

ఆదివారం తలుపు తీసింది నేనే. నువ్వొస్తున్నావని నాన్న చీటీ రాసి నా కంచం పక్కన పెట్టాడు. మేం ఇప్పుడు అలాగే మాట్లాడుకుంటాం. నాన్న పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఏం తోచక కింద గదిలోకి వెళ్లి మిషన్ వేసుకున్నాడు. ఆ చప్పుడుకి నువ్వు తలుపు కొట్టడం ఆయనకి వినపడలేదు. నాకు వినపడింది.

నువ్వు నన్ను చూసి "పిచ్చుకా" అన్నావు. నేను నీ మొహం వైపు చూడకుండా నీ వెనకాల ఉన్న వీధిని చూశాను. కిటికీ అద్దంలోంచి చూసినట్టు. ఎలా చేయాలో ముందే అనుకుని పెట్టుకున్నాను. నువ్వు చెయ్యి చాపావు. వేలికి కట్టు ఉంది. నేను కదల్లేదు. అప్పుడు మిషన్ ఆగింది. నాన్న కింది నుంచి "ఎవరమ్మా?" అని అరిచాడు.

"ఎవరూ లేరు నాన్నా" అన్నాను.

నీ ఉత్తరం చదివాక నాన్నతో నేను మాట్లాడిన మొదటి మాట అదే. ఆయన పరుగెత్తుకుంటూ మెట్లెక్కి వచ్చాడు, కానీ అది నేను మాట్లాడినందుకు. అప్పటికి తలుపు వేసేశాను. గొళ్లెం కూడా పెట్టాను. నా రెండు చేతులూ పట్టుకుని ఆయన ఏడ్చాడు. తలుపు అవతల నువ్వు ఉన్నావని ఆయనకి తెలియదు. నువ్వు విన్నావో లేదో. నువ్వు మళ్లీ తలుపు కొడతావేమో అని నేను లెక్కపెట్టుకున్నాను. కొట్టలేదు. ఒక్కసారి కూడా కొట్టలేదు.

బస్సు తప్పిపోయి ఉంటుందని ఆయన సాయంత్రం దాకా వీధిలో నిలబడ్డాడు. నేను చెప్పలేదు. ఇంకా చెప్పలేదు.

నువ్వు వెళ్తుంటే పై కిటికీలోంచి చూశాను. నువ్వు చాలా చిక్కిపోయావు. జుట్టు ముందువైపు తెల్లబడింది. సంచీ ఎడమ భుజానికి వేసుకున్నావు, కుడి భుజం నొప్పి అనుకుంటా. ఎదురింటి అరుగు దగ్గర చెప్పు తెగితే వంగి సరిచేసుకోబోయావు, కుదరలేదు. రెండు చెప్పులూ చేత్తో పట్టుకుని ఎండలో ఒట్టికాళ్లతో మలుపు దాకా నడిచావు. కాళ్లు కాలుతున్నాయని నీ నడకలో తెలిసింది.

నాకు కూడా ఏమీ అనిపించకూడదని చాలా ప్రయత్నం చేశాను. నువ్వు రాసినట్టే లోపల వెతికి చూశాను. మబ్బు అనుకున్నాను, బొమ్మ అనుకున్నాను. కుదరలేదు. నువ్వు నాకు బొమ్మలా కనపడలేదు. అందుకే గొళ్లెం పెట్టాను.

మళ్లీ రాకు. వచ్చినా నాన్న ఉన్నప్పుడు రాకు.

పిచ్చుక